ఊరి కళకు గ్రాంట్ తెచ్చుకోవడం ఎలా? బుర్రకథ శిబిరం ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

మన ఊళ్లలో కళాసమితులు చాలావరకు చందా పుస్తకం మీదే బతుకుతాయి. ఉత్సవానికి వారం ముందు నలుగురు బయల్దేరతారు. రైస్ మిల్లు, ఎరువుల కొట్టు, బంగారం షాపు, కాంట్రాక్టరు గారిల్లు తిరిగి వస్తే షామియానా ఖర్చులకు సరిపోతుంది. ఎవరు ఎంత ఇచ్చారో రసీదు పుస్తకం చివరి పేజీలో పెన్సిల్‌తో రాసి ఉంటుంది. ఆ పుస్తకం ఎక్కడుందో ఆర్నెల్ల తర్వాత ఎవరికీ తెలియదు.

చందా ఇచ్చేవాళ్లు మనల్ని చూసి ఇస్తారు కాబట్టి ఇలా నడిచిపోతుంది. గ్రాంట్ ఇచ్చే కమిటీ మనల్ని ఎప్పుడూ చూడదు, మన ఫైలునే చూస్తుంది. మా పట్టణంలోని ఒక చిన్న నాటక సమితికి చాలా ఏళ్లు రాతకోతలు చూశాను. మొదటి మూడు దరఖాస్తులూ తిరిగొచ్చాయి. నాకు అర్థమైనంతలో గ్రాంట్ వచ్చేదీ రానిదీ దరఖాస్తు రాసిన రాత్రి తేలదు. అంతకు ముందు రెండేళ్లు మినిట్స్ బుక్, బిల్లులు ఎలా ఉంచామన్న దాని మీదే సగం తేలిపోయి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో దరఖాస్తు కన్నా దాని ముందూ వెనకా పనులే ఎక్కువ ఉంటాయి.

చెప్పేది గాలిలో ఉండకుండా ఒక ఉదాహరణ పట్టుకుందాం. వేసవి సెలవుల్లో హైస్కూలు పిల్లలకు 15 రోజుల బుర్రకథ శిక్షణ, చివరి రోజు ప్రదర్శన. మీది తోలుబొమ్మలాట కావచ్చు, ఒగ్గుకథ కావచ్చు, కోలాటం కావచ్చు. పద్ధతి ఒక్కటే.

ముందు పని తేల్చుకోండి, తర్వాతే డబ్బు

"కళల అభివృద్ధికి ఆర్థిక సహాయం" అని అడిగితే ఎవరూ ఇవ్వరు. ఎవరికి, ఎక్కడ, ఎన్ని రోజులు, చివరికి ఏం కనబడుతుంది అన్న నాలుగు ముక్కలు ఒక పోస్టుకార్డు మీద రాయగలిగితే మీ దగ్గర ఒక కార్యక్రమం ఉన్నట్టు.

సంఖ్యలు కూడా కళను బట్టే రావాలి. బుర్రకథ దళానికి ముగ్గురు కావాలి. మధ్యలో తంబూరా పట్టి కథ నడిపే కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు, వాళ్లలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కాబట్టి 25 మంది పిల్లలు అని రాస్తే ఈ కళ తెలిసినవాళ్లు నవ్వుతారు. 24 అని రాయండి, ఎనిమిది దళాలవుతాయి. చిన్న విషయమే, కానీ అప్లికేషన్ రాసినవాళ్లకు పని తెలుసని పరిశీలించేవాళ్లకు అక్కడే తెలుస్తుంది.

ఈ దశలోనే గురువు దగ్గరకు వెళ్లి కూర్చోండి. తేదీలు, పారితోషికం, రోజుకు ఎన్ని గంటలు అన్నీ ఆయనతోనే ఖాయం చేసుకుని, ఒప్పుకుంటున్నట్టు సంతకంతో ఒక చిన్న ఉత్తరం తీసుకోండి. మంజూరు అయ్యాక వెళ్లి అడిగితే ఆయన అప్పటికే ఇంకో ఊళ్లో కథ ఒప్పుకుని ఉండొచ్చు.

కాగితాలు

సంస్థ రిజిస్టర్ అయి ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ కళాసమితులు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అని ఊరుకోకూడదు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చెయ్యాలి. ఇది మానేసిన సమితులు ఎన్నో. పదేళ్ల కిందటి అధ్యక్షుడే ఇంకా రికార్డుల్లో ఉంటాడు, పాపం ఆయన పోయి కూడా మూడేళ్లయి ఉంటుంది. పాత ఏళ్ల జాబితాలన్నీ ఒకేసారి కట్టి సరిచేసుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, దరఖాస్తు గడువు దగ్గర పడ్డాక ఇది కుదరదు.

తర్వాత సంస్థ పేరు మీద పాన్, సంస్థ పేరు మీద బ్యాంకు ఖాతా, గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు, వార్షిక నివేదికలు. కేంద్ర పథకాలకైతే నీతి ఆయోగ్ నడిపే ఎన్జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదు చేసుకుని యూనిక్ ఐడీ తీసుకోవాలి. అందులో కార్యవర్గ సభ్యుల పాన్, ఆధార్ వివరాలు అడుగుతారు. కంపెనీల దగ్గరకు వెళ్లే ఉద్దేశం ఉంటే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు కూడా కావాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా రెండో దరఖాస్తు మంజూరు దాకా వచ్చి ఆగిపోయింది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో సమితి పేరు ముందు "శ్రీ" ఉంది, బ్యాంకు పాస్‌బుక్‌లో లేదు. పాన్ కార్డులో "సమితి" బదులు "సమితీ" అనే స్పెల్లింగ్ పడింది. మూడు కాగితాలూ ఒకే సమితివని రుజువు చేసేలోపు ఆర్థిక సంవత్సరం అయిపోయింది. మీరు ఈ రోజే నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూడండి. సమితి సర్టిఫికెట్, పాన్, పాస్‌బుక్, దర్పణ్ నాలుగింటిలో పేరు ఒకేలా ఉండాలి.

మీకు రిజిస్ట్రేషన్ అయి మూడేళ్లు కాలేదా? చాలా పథకాలు మూడేళ్ల అనుభవం అడుగుతాయి. అప్పుడు పాత సంస్థ ఒకదానితో, అంటే గ్రంథాలయ సంఘమో కాలేజీయో పాత పరిషత్తో, కలిసి వాళ్ల పేరు మీద దరఖాస్తు పెట్టి పని మీరు చెయ్యొచ్చు. ఎవరి బాధ్యత ఏంటో, డబ్బు ఎలా చేతులు మారుతుందో ఒక ఒప్పంద పత్రం మీద రాసుకోండి. స్నేహం ఉంది కదా అని నోటిమాటతో వదిలేస్తే స్నేహం కూడా మిగలదు.

ఎవరిని అడగాలి

దగ్గర నుంచి మొదలుపెట్టండి. రాష్ట్ర స్థాయిలో తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ, ఆంధ్రప్రదేశ్‌లో భాషా సాంస్కృతిక శాఖ, రాష్ట్ర సృజనాత్మకత, సంస్కృతి సమితి ఉన్నాయి. వీటి దగ్గర పథకాలు ఏడాదికి ఏడాది మారుతుంటాయి. అందుకే వెబ్‌సైట్ చూసి వదిలెయ్యకుండా ఒకసారి ఆఫీసుకు స్వయంగా వెళ్లి, ఈ ఏడాది ఏ సహాయం నడుస్తోందో కనుక్కోండి. జిల్లా పౌర సంబంధాల అధికారి కార్యాలయంలోనూ అడగండి. కళాకారుల జాబితాలు వాళ్ల దగ్గర ఉంటాయి, ప్రచార కార్యక్రమాలకు దళాలను పిలిచేదీ ఎక్కువగా వాళ్లే.

పైస్థాయిలో కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కేంద్రాలున్నాయి. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం, నాగపూర్‌లోని దక్షిణ మధ్య మండల సాంస్కృతిక కేంద్రం రెండింటిలోనూ తెలుగు రాష్ట్రాలు సభ్యులే. ఇవి ఎక్కువగా సొంత కార్యక్రమాలు నడుపుతాయి. మీ దళం పేరు వాళ్ల దగ్గర నమోదై ఉంటే ప్రదర్శనలకు పిలుపు రావొచ్చు.

మన శిబిరానికి సరిగ్గా సరిపోయేది మంత్రిత్వ శాఖ "కళా సంస్కృతి వికాస్ యోజన"లోని కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంట్. వర్క్‌షాపులు, ఉత్సవాలు, సెమినార్లు, నాటక నృత్య నిర్మాణాలకు సొసైటీలు, ట్రస్టులు, విశ్వవిద్యాలయాలు అడగొచ్చు. మామూలుగా గరిష్ఠం 5 లక్షలు, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల దాకా. అదే యోజనలో గురుశిష్య పరంపర కోసం రెపర్టరీ గ్రాంట్ ఉంది. అందులో గురువుకు నెలకు 15,000, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా ఇస్తారు. నాటక రంగంలో ఒక గురువుకు 18 మంది వరకు, సంగీత నృత్యాల్లో 10 మంది వరకు శిష్యులు. ఇది ఏడాది పొడవునా నడిచే దళాలకు, పదిహేను రోజుల శిబిరానికి కాదు. మొదటిసారే దీని జోలికి వెళ్లకండి. చిన్నది ఒకటి తెచ్చుకుని లెక్క అప్పజెప్పిన తర్వాత దీనికి అడిగితే మాట చెల్లుతుంది.

కంపెనీల డబ్బు

సీఎస్‌ఆర్ అంటే కంపెనీలు తమ లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాలన్న చట్టపు బాధ్యత. దీని గురించి మన కమిటీల్లో రెండు అపోహలు. ఒకటి, కంపెనీలు కళలకు ఇవ్వవని. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో సంప్రదాయ కళలు, హస్తకళల ప్రోత్సాహం స్పష్టంగా ఉంది. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని అదే చట్టం చెబుతుంది. రామగుండం వాళ్లకు ఎన్టీపీసీ, కొత్తగూడెం వైపు సింగరేణి, విశాఖలో హెచ్‌పీసీఎల్ లాంటివి ఆ లెక్కన మీ పక్కింటివాళ్లే. మీ మండలంలో ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ, ఫార్మా కంపెనీ కూడా చూసుకోండి. నికర లాభం 5 కోట్లు దాటినా, లేదా నికర విలువ 500 కోట్లో టర్నోవరు 1,000 కోట్లో ఉన్నా ఆ కంపెనీకి ఈ నిబంధన వర్తిస్తుంది. మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి.

రెండో అపోహ, ఉత్సవానికి స్పాన్సర్ చెయ్యమంటే సీఎస్‌ఆర్ కింద ఇస్తారని. ఇవ్వలేరు. ఒక్కరోజు తమాషాలు, అవార్డు సభలు, మారథాన్‌ల లాంటివి సీఎస్‌ఆర్ కిందకు రావని 2014లోనే కంపెనీ వ్యవహారాల శాఖ చెప్పింది. తమ బ్రాండు ప్రచారానికి చేసే స్పాన్సర్‌షిప్ కూడా అంతే. అందుకే వార్షికోత్సవానికి ఫ్లెక్సీ మీద పేరు వేస్తాం అంటూ వెళ్తే మేనేజరు టీ ఇచ్చి పంపిస్తాడు. అదే పిల్లలకు 15 రోజుల శిక్షణ, ఏడాది పొడవునా నెలకో రోజు సాధన అని అడిగితే ఆయనకు ఫైలు కదపడానికి ఒక దారి దొరుకుతుంది. మీ సంస్థ కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్‌ఆర్-1 ఫారం నింపి నంబరు తీసుకుని ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి.

ఎంపీ నిధులు అడుగుదామని ఎవరో ఒకరు కమిటీలో తప్పకుండా అంటారు. వాటితో కట్టడాలు, శాశ్వత ఆస్తులే వస్తాయి. కళావేదిక కట్టుకోవడానికి అడగండి, శిబిరానికి కాదు.

ఇక అమెరికాలో ఉన్న మన ఊరివాళ్లు. ఉత్సాహంగా పంపిస్తామంటారు. ఆగండి. పంపేవాళ్లు భారత పౌరసత్వం వదులుకుని అక్కడి పౌరులై ఉంటే, భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టుతో ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. కాబట్టి పాస్‌పోర్టు కాపీ అడిగి ఫైల్లో పెట్టుకోండి. అడగడానికి మొహమాటమే, కానీ తర్వాత వచ్చే నోటీసు కన్నా మొహమాటం నయం.

క్యాలెండర్

మే నెలలో శిబిరం కావాలంటే మార్చిలో మేలుకుంటే రాదు. ఆ ముందు ఏడాది వర్షాకాలంలోనే పని మొదలవ్వాలి. జులైలో ఆడిట్, ఆగస్టులో సర్వసభ్య సమావేశం, సెప్టెంబరులో గురువుతో, స్కూలు హెడ్మాస్టరుతో మాటలు, దసరా అయ్యాక రాత. పథకం ప్రకటన వచ్చేనాటికి ఫైలు సిద్ధంగా ఉండాలి. కొన్ని ప్రకటనలకు నెల రోజుల గడువు కూడా ఉండదు. కంపెనీలైతే వచ్చే ఏడాది ప్రణాళిక ఆర్థిక సంవత్సరం మొదట్లోనే ఖాయం చేసుకుంటాయి కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో కలవడం మంచిది.

దరఖాస్తులో ఏం రాయాలి

మొదటిసారి మేం రాసింది ఇలా మొదలైంది: "మన ప్రాచీన జానపద కళలు అంతరించిపోతున్న ఈ తరుణంలో వాటిని పరిరక్షించి భావితరాలకు అందించాలనే సదుద్దేశంతో..." ఇలా పేజీన్నర. బుర్రకథ పుట్టుపూర్వోత్తరాలు, ఆ కళకు పితామహుడనిపించుకున్న షేక్ నాజర్ గారు, 1986లో ఆయనకు వచ్చిన పద్మశ్రీ, అన్నీ ఉన్నాయి. మా ఊరి సంగతి మాత్రం చివరి పేరాలో రెండు లైన్లు. ఆ కమిటీలో కూర్చునేవాళ్లకు నాజర్ ఎవరో తెలుసు. మా ఊరు ఎక్కడుందో తెలియదు.

ఇప్పుడైతే ఇలా రాస్తాను. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు లెక్కపెట్టుకోండి:

"మా పట్టణం, చుట్టుపక్కల నాలుగు ఊళ్లు కలిపి ఒకే ఒక్క బుర్రకథ దళం మిగిలింది. కథకుడి వయసు 63. గత మూడేళ్లలో వీరికి తొమ్మిది ప్రదర్శనలు దొరికాయి, అందులో ఆరు ప్రభుత్వ పథకాల ప్రచారానికి అరగంట చొప్పున చెప్పినవి. పూర్తి కథ చెప్పింది ఒక్కసారే. మే 1 నుంచి 15 వరకు రోజూ ఉదయం 7 నుంచి 10 దాకా జిల్లా పరిషత్ హైస్కూలులో 8, 9 తరగతుల పిల్లలు 24 మందికి ఈ దళం నేర్పుతుంది. 15వ తేదీ సాయంత్రం ఎనిమిది దళాలు తలా పది నిమిషాలు కథ చెబుతాయి. తర్వాత గురువుల దళం పూర్తి కథ చెబుతుంది, దాన్ని వీడియో తీసి స్కూలు లైబ్రరీకి ఇస్తాం."

ఇందులో "పరిరక్షణ" అన్న మాట లేదు. అయినా చదివినవాళ్లకు ఏం పోతోందో అర్థమవుతుంది.

ఇంకొకటి, ఫలితం గురించి రాసే గడిలో గొప్పలు పోవద్దు. "వెయ్యి మంది యువతలో చైతన్యం" లాంటివి వద్దు. 24 మందిలో కనీసం 18 మంది చివరిదాకా ఉంటారు, రెండు దళాలు వినాయక చవితికి మళ్లీ కథ చెబుతాయి అని రాయండి. లెక్క చూపించగలిగేదే రాయాలి, ఎందుకంటే చివర్లో నివేదిక రాయాల్సిందీ మీరే. కథ ఆధునిక రచయితదైతే ఆయన అనుమతి పత్రం జత చెయ్యండి. దరఖాస్తు భాష హిందీ లేదా ఇంగ్లీషు అయితే, ముందు తెలుగులో రాసుకుని తర్వాత మార్పించండి. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే పాత దరఖాస్తుల్లోని బరువైన వాక్యాలే చేతికొస్తాయి.

బడ్జెట్: అసలు పరీక్ష ఇక్కడే

చాలామంది మొత్తం ముందు అనుకుని, దాన్ని ముక్కలు చేస్తారు. "రెండు లక్షలు అడుగుదాం" అని మొదలుపెట్టి భోజనాలకు యాభై, ప్రచారానికి ముప్పై అంటారు. గుండ్రటి అంకెలు చూడగానే తెలిసిపోతుంది. కింద నుంచి పైకి కట్టుకు రండి. మన శిబిరానికి, ఉదాహరణ రేట్లతో:

గురువు (కథకుడు): 15 రోజులు × 2,000 = 30,000
వంతలు ఇద్దరు: 15 రోజులు × 1,200 × 2 = 36,000
దళానికి ప్రయాణం: 15 రోజులు × 400 = 6,000
తంబూరాలు, గుమ్మెటలు, అందెల అద్దె = 12,000
పిల్లలకు టిఫిన్: 24 × 15 × 30 = 10,800
దుస్తుల అద్దె: 24 × 250 = 6,000
చివరి రోజు వేదిక, మైక్ సెట్, లైట్లు = 18,000
వీడియో = 8,000
కరపత్రాలు, బ్యానర్లు = 4,000
ఆడిట్ ఫీజు = 5,000
మొత్తం = 1,35,800

ప్రతి వరుసకూ ఒక కాగితం వెనక ఉండాలి. టెంట్ హౌస్ కొటేషన్, టిఫిన్ సెంటర్ రేటు, గురువు ఒప్పుకోలు. "ఇతర ఖర్చులు" అని ఒక వరుస వేసి ఇరవై వేలు రాస్తే మొదట కొట్టేసేది దాన్నే.

మొత్తంలో నాలుగో వంతు సంస్థ భరించాలన్న షరతు ఇలాంటి పథకాల్లో మామూలు. ఇక్కడ అది 33,950, అడిగేది 1,01,850. మన వాటా ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూపించాలి. ఉదాహరణకు ముగ్గురు దాతలు కలిసి 20,000, కార్యవర్గ సభ్యులు 13,950. దాతల చేత ఉత్తరాలు రాయించుకోండి. స్కూలు హాలు ఉచితంగా ఇస్తే దాన్ని మన వాటాగా లెక్కేసుకోవచ్చా లేదా అన్నది ప్రకటనలో చూడండి. లెక్కేసుకోకపోయినా హెడ్మాస్టరు ఉత్తరం మాత్రం జత చెయ్యండి, ఊరు వెనక ఉందనడానికి అది సాక్ష్యం. పిల్లల దగ్గర ఫీజు పెట్టి వాటా నింపుదామని ఒకరు సూచిస్తారు. సర్కారు బడి పిల్లల శిబిరానికి అది నాకు సరిపడదు.

అడిగినంత ఇవ్వకపోతే? ఎక్కువసార్లు ఇవ్వరు. అప్పుడు ఏం తగ్గిస్తారో ముందే తేల్చుకోండి. మా కమిటీలో ఎప్పుడూ మొదట కత్తెర పడేది కళాకారుడి పారితోషికానికే. మైక్ సెట్‌వాడు తగ్గడు, టెంట్ హౌస్ తగ్గదు, గురువుగారు మాత్రం "మనవాడే కదా" అని తగ్గాలి. ఇలాంటప్పుడు నేను గొడవ పెట్టుకునేవాణ్ని. రేటు తగ్గించకుండా రోజులు తగ్గించండి. పది రోజులు చేస్తే గురువు, వంతల పారితోషికంలో 22,000, టిఫిన్‌లో 3,600, ప్రయాణంలో 2,000 కలిపి 27,600 తగ్గి మొత్తం 1,08,200 అవుతుంది. రోజుకు వాళ్లకు అందేది అంతే ఉంటుంది. ఏం తగ్గించాలో ముందే అనుకుని ఉంటే, తగ్గించిన మంజూరు వచ్చిన రోజు టెన్షన్ పడక్కర్లేదు.

పంపే ముందు

కార్యవర్గం సమావేశమై ఈ కార్యక్రమానికి, ఇంత మొత్తానికి దరఖాస్తు పెట్టాలని, సంతకం అధికారం ఫలానావారికని తీర్మానం రాయాలి. మినిట్స్ బుక్‌లో అందరి సంతకాలు ఉండాలి. తేదీ దరఖాస్తు కన్నా ముందుదై ఉండాలి. నవ్వకండి, తర్వాత తేదీతో తీర్మానం జత చేసిన సమితి నాకు తెలుసు.

పోర్టల్‌లో అప్‌లోడ్ చేసేటప్పుడు ఫోన్‌తో తీసిన వంకర ఫొటోలు పెట్టొద్దు, జెరాక్స్ షాపులో స్కాన్ చేయించండి. గత కార్యక్రమాల ఫొటోలు ఐదారు చాలు. అందులో జ్యోతి వెలిగించే ముఖ్య అతిథి ఫొటో ఒకటుంటే సరే, ఐదూ అవే అయితే మీ సమితి ఏం చేస్తుందో ఎవరికీ అర్థం కాదు. గడువుకు కనీసం మూడు రోజుల ముందు పంపించండి. చివరి రాత్రి సర్వర్ మీ మాట వినదు. పంపాక వచ్చే నంబరు ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

మంజూరు ఉత్తరం వచ్చాక

స్వీట్లు పంచే ముందు ఆ ఉత్తరం రెండుసార్లు చదవండి. ఎంత మంజూరైంది, ఎన్ని విడతలు, ఏ తేదీ నుంచి చేసిన ఖర్చు చెల్లుతుంది, ఎప్పటిలోగా లెక్క చెప్పాలి. కేంద్ర గ్రాంట్లకు స్టాంప్ పేపర్ మీద బాండ్ రాసివ్వాలి. షరతులు తప్పితే వడ్డీతో సహా తిరిగి కడతామని అందులో ఉంటుంది. సంతకం పెట్టేవాళ్లు చదివే పెట్టాలి.

రెండో విడత లెక్కలు అప్పజెప్పాకే వస్తుంది. ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అంటే గురువుకు, టెంట్ హౌస్‌కు ఇవ్వాల్సిన డబ్బులో కొంత మీరు ముందు సర్దాలి. వడ్డీకి తెచ్చి చెయ్యొద్దు, ఆ వడ్డీ ఎవరూ ఇవ్వరు. ఒక దాతను చేబదులుగా అడిగి, తీర్మానం రాసి, సంస్థ ఖాతాలో వేయించుకుని, తర్వాత ఖాతా నుంచే తిరిగి ఇచ్చెయ్యండి.

శిబిరం జరిగే రోజుల్లో

ఒకరికి ఒకే పని అప్పగించండి, అదే కాగితాల పని. కథ వినాలని ఉన్నవాళ్లు దానికి పనికిరారు. పిల్లల హాజరు పట్టీ రోజూ రాయాలి. తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు మొదటి రోజే తీసుకోవాలి. ఫొటోలు వాడుకుంటామని అందులో స్పష్టంగా రాయండి. చివరి రోజు ప్రదర్శనకు పోలీసు అనుమతి, మైకుకు అనుమతి ముందే తీసుకోండి. రాత్రి పది దాటితే మైకు కట్టెయ్యాల్సిందే కాబట్టి ఉపన్యాసాలు కథ తర్వాత పెట్టుకోండి. పెద్దలు అలుగుతారు, అలగనివ్వండి.

చెల్లింపులన్నీ సంస్థ ఖాతా నుంచే జరగాలి. కార్యదర్శి తన ఫోన్‌పేతో కట్టేసి తర్వాత తీసుకుందామనుకుంటే ఆడిటర్ దగ్గర ఇరుక్కుంటాడు. కళాకారులకు బ్యాంకు ఖాతా పనిచేస్తోందో లేదో శిబిరానికి ముందే చూడండి. వాడకుండా వదిలేసిన ఖాతాలు ఆగిపోయి ఉంటాయి, తెరిపించడానికి వాళ్లతో బ్యాంకుకు వెళ్లాల్సి వస్తుంది. తప్పనిసరై నగదు ఇస్తే వోచర్ మీద పేరు, పని, తేదీలు, సంతకం ఉండాలి. 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం. పన్ను మినహాయించాలా అన్నది పారితోషికం ఇచ్చే ముందే ఆడిటర్‌ని అడగండి. టిఫిన్ సెంటర్ ఆయన బిల్లు పుస్తకం లేదంటాడు. మీరే వోచర్ రాసి రోజూ సంతకం చేయించుకోండి, పదిహేను రోజులవీ ఒకేసారి చేయిస్తే ఒకే పెన్ను, ఒకే సిరా, ఒకే వాలుతో పట్టుబడతాయి.

లెక్క అప్పజెప్పడం

శిబిరం అయిపోయిన వారంలోనే మొదలుపెట్టండి. నెల దాటితే వోచర్లు పోతాయి, జ్ఞాపకాలు మారతాయి. కేంద్ర గ్రాంట్‌కైతే డబ్బు అనుకున్న పనికే వాడామని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ) కేంద్ర ఆర్థిక నియమాల్లోని జీఎఫ్‌ఆర్ 12-ఎ నమూనాలో చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో ఇవ్వాలి. దానితో పాటు ఆడిట్ చేసిన ఖర్చుల పట్టిక, కార్యక్రమ నివేదిక, ఫొటోలు, పత్రికల క్లిప్పింగులు. ఖర్చుల పట్టికలో వరుసలు మీరు మొదట పంపిన బడ్జెట్ వరుసలతోనే సరిపోలాలి. దుస్తులకు 6,000 అనుకుని 4,800 అయితే 4,800 అనే రాయండి. మిగిలింది ఇంకోదానిలో కలిపేసి గుండ్రం చెయ్యొద్దు.

నివేదికలో చేసింది చేసినట్టు రాయండి. 24 మందితో మొదలై 19 మంది మిగిలారు, ఐదుగురు మామిడి తోటల్లో పనికి వెళ్లారు, ఏడో దళంలో కథకుడి గొంతు పోతే హాస్య వంతే కథ నడిపాడు. ఇలాంటివి రాస్తే చదివే అధికారి శిబిరం నిజంగా జరిగిందని నమ్ముతాడు.

దరఖాస్తు తిరిగొస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు ఒక కాగితం లోపమే ఉంటుంది. అదే కార్యక్రమాన్ని ఆ లోపం సరిచేసి మళ్లీ పెట్టండి, ప్రతి ఏడాదీ కొత్త ఆలోచన వెతుక్కోనక్కర్లేదు.

మంజూరైన డబ్బులో ఖర్చు కాకుండా మిగిలింది, ఆ డబ్బు మీద బ్యాంకులో పడిన వడ్డీ రెండూ తిరిగి కట్టెయ్యాలి. వడ్డీ నూట నలభై రూపాయలే కదా అని వదిలెయ్యొద్దు. కట్టిన రసీదు జెరాక్స్ రెండు కాపీలు తీయించండి. ఒకటి యూసీతో పంపండి, రెండోది సంస్థ ఫైల్లో పెట్టండి. వచ్చే ఏడాది దరఖాస్తులో "గతంలో పొందిన గ్రాంట్లు, వాటి లెక్కల పరిస్థితి" అనే గడి ఉంటుంది, అక్కడ జత చెయ్యడానికి.